వెడల్పు బీట

కొండలెక్కే సామాను అమ్మే దుకాణం. బల్లకి అవతల దుకాణదారు. ఇవతల ఒక స్కూలు టీచరు, ఆమె మరిది.

"ముందు ఆ బిస్కెట్టు తినడం కానివ్వండి. ఆ చేత్తోనే అవన్నీ ముట్టుకోకండి."

"అయ్యో, పొడే మేడం. ఇదిగో, ప్యాంటుకి తుడిచేశా. ఏం కావాలన్నారు?"

"ఆ ప్యాంటు కూడా... సరే. నువ్వు చెప్పు."

"వెడల్పు బీట ఎక్కాలండీ. మొదట్లో పిడికిలి పట్టేంతే ఉంటుంది. పైకి పోయేకొద్దీ మోకాలు దూరుతుంది, చివర్న మనిషి సగం దూరిపోతాడు. దానికి సరిపడా క్యామ్‌లు చూపించండి."

"క్యామ్‌లంటే ఇవేగా? మీట నొక్కితే రెక్కలు ముడుచుకుంటాయి. బీటలో పెట్టి వదిలితే విచ్చుకుని రాయిని పట్టుకుంటాయి. దానికి తాడు తగిలిస్తే, జారినా కింద పడకుండా ఆపుతుంది."

"అబ్బో, మేడంకి అన్నీ తెలుసే! మీరూ ఎక్కుతారా ఏంటి?"

"నాకు అసహ్యం. రాతి సందులో భుజం ఇరికించి, మోకాలి చర్మం గోడకి అంటించి, దిగొచ్చాక ఆ పుండు చూపించుకుని మురిసిపోవడం. ఛీ."

"వదినా, ఇక్కడెందుకు..."

"వదిన నిన్ను ఆపలేకపోయింది కాబట్టే ఇక్కడికొచ్చింది. సామానైనా నా కళ్ళతో చూసి కొంటాను."

"ఇప్పుడు నీ దగ్గరేముంది తమ్ముడూ?"

"పెద్దది ఇదొక్కటే."

"చూడనీ. గీతలు పడ్డాయి గానీ బాగానే ఉంది. ఈ ఆకుపచ్చ చుక్కేంటి, గోళ్ళరంగా?"

"నేను పెట్టాను. పదిమంది కలిసి ఎక్కితే ఎవరి సామాను ఎవరిదో తెలియట్లేదంటే."

"మంచి పని చేశారు. అయితే ఈ ఒక్కదాన్నే పైకి తోసుకుంటూ పోదామనా తమ్ముడూ?"

"అందరూ అంతే కదండీ. రెండు మోసుకెళ్ళేవాణ్ణి కూలీ అని వెక్కిరిస్తారు."

"విన్నారా? ఈ మాటకే నాకు ఒళ్ళు మండుతుంది."

"బరువు వద్దనుకుంటే ఈ గొట్టం చూడండి మేడం. తేలిక. లాగితే పొడుగవుతుంది, మర బిగిస్తే రెండు గోడల మధ్య కదలకుండా నిలబడుతుంది."

"ఒక చెయ్యి వెనక్కి కట్టుకుని బిగించండి."

"ఆఁ?"

"బీటలో రెండో చెయ్యి ఇరుక్కుని ఉంటుంది కదా. ఆ రెండు చెక్కల మధ్య పెట్టి చూపించండి, ఒంటిచేత్తో."

"దానికేముంది, ఇలా పెట్టి... ఇలా తిప్పి... ఉండండి... అబ్బ!"

"బిస్కెట్ల ప్లేట్లో పడింది."

"అలవాటుండాలి మేడం."

"అలవాటయ్యేదాకా వీడు గాల్లో వేళ్ళాడుతూ ఉండాలా? అది లోపల పెట్టేయండి."

"పోనీ మోకాళ్ళకి తొడుగులు? పాతవి ఉన్నాయి, సగం ధరకే ఇస్తా."

"ఇందులో ఎవరిదో చర్మం అంటుకుని ఉంది."

"ఎండిపోయిందిలెండి."

"దూరంగా పెట్టండి. బాబూ, ఆ కిటికీ కాస్త తెరువు."

"సరే మేడం, క్యామే కావాలంటే ఇంకోటి తీసుకోండి. ఒకటి కింద వదిలేసి, ఇంకోటి తోసుకుంటూ పోవాలి. వానలకి ముందు ఆ ఉత్తరపు కొండ మీద ఏమైందో వినలేదూ?"

"ఏమైంది?"

"ఎవడో పెద్ద మొనగాడు. ఇదిగో, మీరు నించున్న చోటే నించున్నాడు. బాబూ, పైకెళ్ళాక బీట వెడల్పవుతుంది, రెక్కలు మొత్తం విచ్చుకున్నాయంటే ఇక పట్టుండదు, రెండోది పట్టుకెళ్ళు అని చిలక్కి చెప్పినట్టు చెప్పా. నవ్వాడు."

"నవ్వాడా?"

"పకపకా! నాకు ఒక్కటి చాలు అన్నాడు. ఏమైంది? ఆ ఒక్కటీ ఊడింది. కింద పట్టుకోడానికి ఇంకోటి లేదు. తిన్నగా నేల మీదకే. ఇప్పుడు వచ్చిన ప్రతివాడికీ ఈ కథ చెప్తున్నా. విన్నవాళ్ళు రెండు కొనకుండా పోవడం లేదు."

"ఏమయ్యా, నువ్వసలు..."

"నువ్వుండు."

"అది కాదు వదినా!"

"ఉండమన్నానా? మీరు చెప్పండి."

"చెప్పడానికేముంది? వాడి పెళ్ళాం గురించి తల్చుకుంటే జాలేస్తుంది. ఇలాంటోళ్ళు ఇంట్లోవాళ్ళ గురించి ఆలోచించరండీ."

"ఆలోచించరు. రెండోది చూపించండి."

"లోపలుంది. ఒక్క క్షణం, తెస్తా."

"వదినా, వాడు చెప్పేది అన్న గురించి!"

"మెల్లగా. తెలుసు."

"తెలిసీ వింటున్నావా? మనిషి చావు చెప్పి సరుకు అమ్ముకుంటున్నాడు. పద, పోదాం."

"వీణ్ణి చూస్తే నాకు ఈ పూటకే అసహ్యం. మీ అన్నని తల్చుకుంటే రోజూ."

"అవేం మాటలు?"

"ఇంట్లో రెండుండేవి. రెండిటికీ నేనే రంగు పెట్టాను. తిరిగొచ్చిన సంచిలో ఇదొక్కటే ఉంది. రెండోది ఏమైనట్టు? బరువని ఎవరికో ఇచ్చేసి ఉంటాడు. కూలీ అంటారని సిగ్గు. ఆ సిగ్గుకి చచ్చిపోయాడు."

"అన్న అలాంటివాడు కాదు."

"వీడు చెప్పింది అబద్ధమని ఒట్టేసి చెప్పగలవా? నవ్వే ఉంటాడు. నేను జాగ్రత్త అన్నప్పుడల్లా నవ్వేవాడు. ఆ నవ్వు నాకు తెలుసు."

"ఆ బీట ఎక్కకుండా నేనుండలేను వదినా."

"నువ్వు మాటిచ్చావు. రెండు లేనిదే ఆ బీట ఛాయలకి కూడా పోనన్నావు. నువ్వూ అలాగే నవ్వితే నేను తట్టుకోలేను. కళ్ళు తుడుచుకో, వస్తున్నాడు."

"ఇదిగో మేడం. ఈ సైజు కొత్తది దొరకడం కష్టం. ఇది వాడిందే గానీ కొత్తదానికేం తీసిపోదు. రెక్కలు చూడండి, ఎక్కడా నలగలేదు."

"ఎవరిది ఇది?"

"షాపుదే."

"అంతకు ముందు?"

"ఎవరో రిపేరుకిచ్చారు. మీట నొక్కితే ఒక రెక్క మొరాయిస్తోందని. ఏం లేదు, ఇసక పట్టింది. పట్టుమని పది నిమిషాల పని కూడా కాదు."

"మరి చేసి ఇవ్వలేదేం?"

"నాకు తీరికుండొద్దూ? వచ్చినప్పుడల్లా మళ్ళీ రా అన్నా. రెండుమూడుసార్లు తిరిగాడు, ఆ తర్వాత పత్తా లేడు. రానివాడి సామాను ఎన్నాళ్ళని దాస్తాం? మూడు నెలలు దాటితే షాపుదేనని ఆ బోర్డు మీద రాసే ఉంది. మొన్న తీరిగ్గా కూర్చుని బాగుచేశా."

"మొన్న."

"ఆఁ, మొన్నే. స్పిరిట్టు పెట్టి తుడిచా కూడా. ఏవో మరకలుంటే గీకేశా. ఎలా మెరుస్తోందో చూడండి."

"వదినా, ఏంటంత దగ్గరగా చూస్తున్నావు? ఇలా ఇవ్వు."

"వద్దు. నేనే పట్టుకుంటాను."

"నచ్చిందన్నమాట! ఇటివ్వండి మేడం, ప్యాక్ చేస్తా. బిల్లు ఎవరి పేరున రాయమంటారు?"

"బిల్లెందుకండీ? ఈ రెక్క లోపల చూడండి, మీ స్పిరిట్టు అందని చోట నా ఆకుపచ్చ రంగు ఇంకా ఉంది. ఒక్కటి చాలని నవ్వాడన్నారే, ఆ మనిషి మా ఆయనే. నేను నించున్న ఈ చోటికి మాటిమాటికీ వచ్చింది ఈ రెండోదాని కోసమే."