తాగని నీళ్ళు

పెడనలో ఆ ఇంట రోగిని చూసుకునే పనికి కుదిరి ఇంకా వారం తిరగలేదు, సుమకి ఆ ఇల్లాలి మొహం చూస్తేనే అసహ్యం వేస్తోంది. నడుం కింద చచ్చుబడిపోయిన ఆడపడుచు మంచం పక్కన మంచినీళ్ళ సీసా పెట్టింది పెట్టినట్టే ఉంది. ఎండ చూస్తే మండిపోతోంది. ఇక ఊరుకోలేక వంటింటి గడపలోనే అడిగేసింది.

“అది కాదు ప్రభావతి గారూ, తాగొద్దని మీరే చెప్పారా లేదా?”

“ఎవరికి?”

“అరుణక్కకి. ఇంకెవరికి? సీసా ముట్టుకోలేదు. నిన్నా అంతే. పుచ్చకాయ ముక్కలు కోసిచ్చినా వద్దంది. పెదాలు పగిలిపోయాయి.”

“తనేమన్నా చిన్నపిల్లా? దాహమేస్తే తాగుతుంది.”

“బందరు డాక్టరుగారు మొన్న ఏమన్నారు? మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంది, నీళ్ళు తాగకపోతే కిడ్నీలకి పాకుద్దన్నారా లేదా? మీరూ పక్కనే ఉన్నారు.”

“ఉన్నాను. మరి పట్టించు. అందుకేగా నిన్ను పెట్టుకుంది.”

“పట్టిస్తే మూతి బిగించేస్తోంది. ఎవరో బాగా భయపెడితే తప్ప మనిషి అలా చెయ్యదు. మా ట్రైనింగ్‌లో చెప్పారు. మాటిమాటికీ మంచంలోనే బెడ్‌పాన్ పెట్టాల్సొస్తుందని కొన్ని ఇళ్ళల్లో నీళ్ళే ఇవ్వరంట.”

“కొన్ని ఇళ్ళల్లోనా.”

“ఆ. విన్నప్పుడే నాకు అసహ్యమేసింది. ఇప్పుడు కళ్ళారా చూస్తున్నా.”

“చూడమ్మాయ్, నువ్వు రాకముందు అవన్నీ ఎత్తిపోసింది ఈ చేతుల్తోనే. మళ్ళీ అద్దకం షెడ్డుకి వెళ్ళాలని నిన్ను పెట్టుకున్నాను. నన్నంటావా?”

“ఎత్తిపోసీ పోసీ విసుగొచ్చుంటుంది. విసుగు రావడం తప్పు కాదు. నీళ్ళు మానిపించడం తప్పు. ఛీ, ఏం మనుషులండీ.”

“నోరు జారకు. నాకు షెడ్డుకి టైమవుతోంది. వెళ్ళి మీ అక్కనే అడుగు.”

ప్రభావతి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. సుమ గదిలోకి వచ్చి సీసా మూత తీసింది.

“అక్కా, ఆవిడ వెళ్ళిపోయింది. ఇప్పుడు తాగు.”

“తర్వాత తాగుతాలే.”

“తర్వాత, తర్వాత. పొద్దుట్నుంచీ అదే మాట. ఆవిడంటే భయమా?”

“వదినంటే నాకు భయమేంటి?”

“నాకన్నీ తెలుసక్కా. ఇవాళ మీ అన్నయ్యగారు రాగానే చెప్పేస్తా. ఇంత నీచమా...”

“చెప్పకు.”

“ఎందుకు చెప్పకూడదు? రేపు నీకేమన్నా అయితే?”

“సుమా, వదిన చూసుకున్నన్నాళ్ళూ నేను బాగానే తాగాను. మజ్జిగైతే అడిగి మరీ తాగేదాన్ని.”

“మరి ఎప్పుడు మానిపించింది?”

“మానిపించలేదు. నేనే మానేశాను.”

“నువ్వా? ఎప్పట్నుంచి?”

“వదిలెయ్. నువ్వు బాధపడతావు. వదినకి తెలిస్తే నిన్ను పంపించేస్తుంది. తను మళ్ళీ షెడ్డు మానుకోవాలి.”

“నన్నెందుకు పంపిస్తారు? నేనేం చేశాను? పాన్ పెట్టాను, తీశాను, కడిగాను. హంసలదీవిలో చేపల కంపులో పుట్టి పెరిగినదాన్ని, నాకివన్నీ ఓ లెక్కా? నిన్ను ఒక్క మాటన్నానా?”

“అనలేదు.”

“మరి?”

“మొదటిరోజు పాన్ తీశావే, అప్పుడు నీ మొహం చూశాను. మళ్ళీ మళ్ళీ నిన్ను పిలవబుద్ధి కాలేదు.”

“నా మొహమా? మాస్కు పెట్టుకునే ఉన్నానుగా అక్కా.”

“మాస్కు ముక్కుకీ మూతికేగా సుమా. నేను చూసింది నీ కళ్ళు.”