గుంజకు కట్టిన తాడు

శ్రీశైలం డ్యాం నీళ్లొచ్చి పదేళ్లయింది. సోమశిల రేవు పక్క కొట్టంలో వడ్లాయన చెక్కకు చిత్రిక పడుతున్నాడు. పడవాయన వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

“అన్నా, లోపలికి రావాల్నా?”

“ఇరిగిన గుంజ తెచ్చి నా వాకిట్ల పారేసిననాడు అడిగినవా?”

“తప్పయింది. పుచ్చు కొయ్యతోని తెరచాప గుంజ చేసినవని రేవుల అందరి ముందల తిట్టిన. నువ్వేమో తాళ్లు కట్టొద్దు, గాలికి దాన్ని వంగనియ్యి అని ముందే చెప్పినవ్.”

“చెప్పిన.”

“ఊగుతుంటే భయమైంది. నడుమ తాడేసి బిగించిన. ఆ తాడు కాడనే ఇరిగింది. ఎవ్వరు చూడకముందే తాడు ఇప్పి దాచిన.”

“తెలుసు. ఇగో, గా ముక్క. తాడు ఒరిసిన జాడ ఆనాడే చూసిన.”

“మరి గప్పుడే ఎందుకు చెప్పలే? నెల రోజులాయె, నీకు పనిచ్చేటోడే లేడు.”

“నువ్వు తిట్టిననాడు రేవుల నీ బిడ్డ అత్తగారోళ్లు ఉండిరి. పెండ్లయి వారం కాలే. ఆళ్ల ముందల నిన్నెట్ల తక్కువ చేయాలె?”

పడవాయన గడప దాటి లోపలికొచ్చాడు. ఆ గుంజ ముక్కను భుజానికెత్తుకున్నాడు.

“ఏడికి పట్కపోతున్నవ్?”

“బిడ్డ అత్తగారింటికి. ఆడికెళ్లి రేవుకు.”