రంగు మార్చిన చీర

అవిటివాళ్ళకి ఉచితంగా కాళ్ళు చేసిచ్చే సంస్థ అది. ఆఫీసు గదిలో కంప్యూటరు ముందు, ఫేస్‌బుక్‌లో సంస్థ పేజీ చూసుకునే అమ్మాయి. ఎదురుగా, కూర్చోమన్నా కూర్చోకుండా, ఒక బస్సు డ్రైవరు. ఈ సంస్థ పెట్టి, నిరుడు పోయినావిడ మొగుడు.

"మా ఆవిడకి ఆకుపచ్చ చీర లేదు."

"బాబాయ్, ముందు కూర్చోండి."

"లేదు. జన్మలో కట్టలేదు. ఈ వీడియోలో కట్టుకుంది. ఎక్కణ్ణించి వచ్చింది?"

"మంచినీళ్ళు తాగుతారా?"

"చీర సంగతి అడిగితే నీళ్ళంటావేం?"

"రంగు మార్చాం. కంప్యూటర్లోనే. పిన్ని ఆస్పత్రిలో చేరేముందు, చెప్పాల్సినవన్నీ ఒకే రోజు కెమెరా ముందు కూర్చుని చెప్పారు కదా. అన్నిట్లోనూ ఆ నీలం చీరే. వారానికో ముక్క వేస్తుంటే జనం అడుగుతున్నారు, మేడమ్ గారికి ఇంకో చీర లేదా అని."

"ఉన్నప్పుడు ఆ మాట ఒక్కడూ అడగలేదు."

"అందుకని ఒక వారం ఆకుపచ్చ, ఒక వారం మెరూను..."

"మరి బుగ్గలు?"

"ఆఁ?"

"అప్పటికే బుగ్గలు పీక్కుపోయాయి. మొహాన నెత్తురు చుక్క లేదు. ఇందులో పెళ్ళికూతురిలా ఉంది."

"కొంచెం... కొంచెం నిగారింపు తెచ్చాం. నీరసం మొహం చూస్తే ఎవరూ ఆగరు, బాబాయ్. వేలితో తోసేసి పోతారు."

"వాళ్ళు ఆగడానికి నా పెళ్ళానికి రంగేశారన్నమాట. శవానికి సింగారం అంటే వినడమేగానీ చూడ్డం ఇదే మొదలు."

"అంత మాట అనకండి."

"ఎంత మాటనాలో నువ్వు చెప్పు, అంతే అంటాను."

"ప్రెసిడెంటు గారు చెప్పారనే..."

"పిలువు ఆయన్ని."

"ఊళ్ళో లేరు."

"కారు కింద ఉంది."

"అంటే, ఊళ్ళోనే ఉన్నారు. మీటింగులో ఉన్నారు."

"నన్ను చూశాక మొదలైన మీటింగా?"

"బాబాయ్, నా మాట వినండి. అంతకుముందు మన పేజీ ఎలా ఉండేదో మీరు చూడలేదు. బల్ల మీద వరసగా కాళ్ళు. రోజూ కాళ్ళే. ఎవరు చూస్తారు? చూసేవాళ్ళలో సగం మన స్టాఫూ వాళ్ళ బావమరుదులూ. పిన్ని మాటలు వెయ్యడం మొదలుపెట్టాక ఇసకేస్తే రాలడం లేదు. దూరదూరాల నుంచి రాస్తున్నారు. ఇంతలో ముక్కలు అయిపోవస్తున్నాయి. మీ ఇంట్లో పాత వీడియోలేమైనా ఉంటే ఇస్తారేమోనని మిమ్మల్నే అడుగుదామనుకుంటున్నాం."

"ఉంది. నొప్పికి మూలుగుతున్నది ఒకటుంది, డాక్టరుకి చూపిద్దామని తీశాను. ఏ రంగు చీర కడతావు దానికి?"

"బాబాయ్..."

"డిపోలో కొత్త కండక్టరు ఫోను తెచ్చి చూపించాడు నాకు. 'మీ ఇంటావిడ ఎంత బాగా మాట్లాడతారన్నా, ఓ రోజు మమ్మల్ని భోజనానికి పిలవండి' అన్నాడు. ఏం చెప్పను వాడికి? పోయిందని ఈ చూసేవాళ్ళకెవరికైనా తెలుసా?"

"ప్రత్యేకంగా చెప్పలేదు."

"ప్రత్యేకంగా చెప్పలేదా, అసలు చెప్పలేదా?"

"అబద్ధమైతే చెప్పలేదు కదా."

"ఎవరో 'ఎలా ఉన్నారమ్మా' అంటే, కింద 'బాగున్నాను, మీరంతా చల్లగా ఉండాలి' అన్నదెవరు?"

"నేనే. ఎవరో ఒకరు పలకాలి, బాబాయ్. పలక్కపోతే పేజీ పడుకుంటుంది."

"పడుకోనీ. సంస్థ పెట్టిందే పడుకుంది. ఇప్పుడు నా ఎదురుగా రాయి. 'ఈవిడ నిరుడే పోయింది.' ఒక్క ముక్క. రాసేదాకా ఇక్కణ్ణించి కదలను."

"నా ఉద్యోగం పోతుంది."

"నా పెళ్ళాం పోయింది. వచ్చి నీ ఉద్యోగానికి ఏడవమంటావా?"

"అదొక్కటే కాదు."

"ఇంకేంటి?"

"చెప్తే మీరు ఊరుకోరు."

"చెప్పకపోతే ఊరుకుంటానా?"

"ఒకావిడ ఉన్నారు. రోజూ రాస్తారు. అందరికీ కనబడేలా కాదు, లోపల మెసేజీలో. ఆవిడకి ఏం చెప్పాలో తెలీకే ఆగిపోయాను."

"ఎవరు?"

"పిన్ని వాళ్ళమ్మ గారు."

"ఎవరు?"

"మీ అత్తగారు, బాబాయ్."

"నాకు అత్తగారు లేదు. నన్ను చేసుకున్న రోజే కూతురికి నీళ్ళొదిలింది. బస్సు తోలేవాడితో పోయినదానికి మా గడపలో పనేంటంది. ఇప్పుడు ఆవిడకేం పని నా పెళ్ళాంతో?"

"ఆకుపచ్చ చీర వీడియో చూశారు. 'జబ్బు నయమైందా తల్లీ, మొహం కళకళలాడుతోంది' అని రాశారు. జబ్బు సంగతి తెలుసుగా ఆవిడకి. పోయిన సంగతి ఎందుకు తెలీదు? మీరు కబురు పంపలేదా?"

"జబ్బప్పుడు కబురు పంపడం కాదు, నేనే పోయాను. ఒక్కసారి వచ్చి చూడమని వీధిలో నిలబడి బతిమాలాను. తలుపు సందులోంచి 'నాకు కూతుళ్ళు లేరు' అంది. లేని కూతురి చావుకి కబురెందుకు?"

"ఇప్పుడు కుమిలిపోతున్నారు. 'పౌరుషానికి పోయి తలుపేసుకున్నాను, మనసులో పెట్టుకోకమ్మా' అని రాశారు. చదివి ఏడుపాగలేదు."

"ఎవరికి?"

"నాకు."

"నువ్వెవరు ఏడవడానికి? ఆ మాట నీకు రాలేదు."

"తప్పే, బాబాయ్."

"ఏం జవాబిచ్చావు?"

"ఏదో..."

"అమ్మాయీ."

"'నా మనసులో ఏం లేదమ్మా' అన్నాను. పిన్ని ఉంటే అదే అనేవారు కదా అని."

"అనేది. దాని అసలు రోగం అదే. ఇంకా?"

"'నేను మంచం దిగలేను, నువ్వే వచ్చి కనబడు' అన్నారు. 'వస్తాను' అన్నాను. మనసొప్పలేదు, బాబాయ్, ఇంకోలా చెప్పడానికి. అప్పట్నుంచీ ఎప్పుడొస్తావని ఒకటే అడగడం. ఇప్పుడు 'పోయింది' అని రాస్తే ముందు చూసేది ఆవిడే. గుండాగిపోతుంది. మీరే ఓసారి వెళ్ళి, మెల్లగా..."

"ఇవాళేం రాసింది?"

"ఇప్పుడెందుకు లెండి."

"చదువు."

"'మంచం గుమ్మానికి ఎదురుగా వేయించుకున్నాను. నువ్వు రావడం కనబడాలని.'"

"గుమ్మానికి ఎదురుగానా..."

"బాబాయ్? కూర్చోండి, కూర్చోండి. మీరన్నదే నిజం. నేను చేసింది పాపం. ఉద్యోగం పోతే పోయింది, రాసేస్తాను. ఇదిగో, చూడండి, మొదలుపెట్టాను. 'మా సంస్థ వ్యవస్థాపకురాలు నిరుడు...'"

"చెరిపెయ్."

"ఏంటి?"

"అది చెరిపేసి, 'వస్తున్నానమ్మా' అని రాయి. రేపూ అదే రాయి. నా పెళ్ళాం ఊపిరి పోయేదాకా వార్డు తలుపు వంకే చూసింది. ఆ ముసల్దాన్నీ గుమ్మం వంక చూడనీ."