“మేడమ్ చూశారా?”

ముప్పై రెండేళ్ల కిందట జూలై మూడో తేదీ ఉదయం, ఒక సూక్ష్మదర్శిని, రెండు బల్లలు, కాలు ఊగే ఒక స్టూలు తప్ప మరేమీ లేని మన ఆసుపత్రి కణజాల పరీక్షల విభాగంలో మేడమ్ గారు సాంకేతిక సహాయకులుగా చేరారు. అవయవం ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ కణజాలపు గుర్తులు ఎన్ని కలవడం లేదో లెక్కించి, కొత్త అవయవాన్ని శరీరం పరాయిదిగా ఎంచి తిరస్కరించే ముప్పు ఎంతో శస్త్రచికిత్సకు ముందే చెప్పడం ఈ విభాగం పని. పదకొండేళ్లకు పర్యవేక్షకులై, తరువాత విభాగాధిపతులై, స్టూలు పోయి కుర్చీ వచ్చినా, గళ్ల కాగితం మీద కలవని గుర్తులకు ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టే అలవాటును వారు మానలేదు. వెనకాల అందరూ ‘గళ్ల మేడమ్’ అనేవారు. ఆ సంగతి వారికీ తెలుసు.

పల్లెటూరి బడిలో చదువుకున్న ఒక అమ్మాయి ఆరేళ్ల కిందట ఇక్కడ ఉద్యోగంలో చేరింది. నోరు మెదపని పిల్ల. మేడమ్ గారి పదవీ విరమణకు ఈ అభినందన రాసే పని ఆమె మీదే పడింది గనుక దాచకుండా చెప్పాలి: ఆమె మేడమ్ గారిని చూసి కుళ్లుకునేది.

ముప్పు అంచనాను ఆమె కంప్యూటర్లో అరగంటలో తేల్చేది. మేడమ్ గారికి పెన్సిలు చెక్కుకోవడానికే పది నిమిషాలు పట్టేది. అయినా నివేదిక అందగానే సర్జన్ గారు ఫోన్ చేసి ఒకటే అడిగేవారు: “మేడమ్ చూశారా?” ఆ మాట చెవిన పడితే చాలు, ఆమెకు ఒళ్లు మండేది. ఎవరికీ తెలియకుండా తనూ ఒక ఎర్ర పెన్సిలు కొనుక్కుంది. దాన్ని సొరుగులోంచి ఎన్నడూ పైకి తీయలేదు.

రెండేళ్ల కిందట దర్జీ పనిచేసే ఒకామెకు ఆమె భర్త కిడ్నీ ఇవ్వడానికి ముందుకొచ్చాడు. ఆమె రక్తంలో భర్త గుర్తులను ఎదిరించే పదార్థమేదీ కనిపించలేదు. ముప్పు తక్కువని లెక్క తేల్చిన అమ్మాయి, తన ఒక్క సంతకంతో నివేదిక పంపబోతుండగా మేడమ్ గారు ఆ కాగితం అందుకుని వార్డు వైపు నడిచారు. ఇందులో ఇంకా చూసేదేముందని లోలోపల గొణుక్కుంటూ అమ్మాయి వెంట వెళ్లింది.

మంచం పక్కన కూర్చున్న అత్తగారిని మేడమ్ గారు ఏదో కాగితం తెమ్మని కిందికి పంపారు.

“పిల్లలెంతమందమ్మా?”

“ఒక్కడేనండీ. ఫారంలో రాశారుగా.”

“రాశారు. నిలవనివి ఏమైనా ఉన్నాయా?”

ఆమె దుప్పటి అంచును మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. “మూడండీ. మా అత్తగారికి తెలీదు. ఆయనకీ ఒక్కటే తెలుసు.”

భర్త గుర్తులను మోసిన ప్రతి గర్భమూ, నిలవకపోయినా, ఆ గుర్తులు పరాయివని ఆమె ఒంటికి నేర్పి ఉండవచ్చు. ఫారంలో ఉన్న ప్రశ్న మాత్రం ‘పిల్లలు ఎందరు’ అని. ఆ ఫారం తయారుచేసింది ఈ అమ్మాయే.

మేడమ్ గారు మరింత సున్నితమైన పరీక్ష చేయించారు. భర్త కణాలతో కలపగానే ఆమె రక్తం ఎదురుతిరిగింది. గుర్తులు కలవలేదని మాత్రమే ఇంటివారికి చెప్పారు. ఐదు నెలలకు ఆమె అన్నగారి కిడ్నీ అమిరింది. నేటికీ అది చక్కగా పనిచేస్తోంది. ఇప్పుడిక దాచేదేమీ లేదు, ఈ సంగతి ఇందులో రాయమని కిడ్నీ పొందిన ఆమే అంది.

మేడమ్ గారు ఫారంలో ప్రశ్నను మార్చి, కొత్త నివేదిక కింద అమ్మాయి చేతనే సంతకం పెట్టించారు. సర్జన్ గారి మెప్పు అమ్మాయికే దక్కింది. తిట్టి ఉంటే కోపమైనా తెచ్చుకునేది. ఆ వీలూ లేకుండా పోయి, అసూయ రెట్టింపయింది.

పోయిన మంగళవారం మళ్లీ ఫోన్ మోగింది, మళ్లీ అదే ప్రశ్న. ఈసారి మేడమ్ గారే అందుకున్నారు. “లేదండీ. ఆ అమ్మాయి చూసింది. ఇక నేను చూడను.”

ఆరేళ్లుగా వినాలనుకున్న మాట అది. విన్నాక ఆ అమ్మాయి, తాను పంపిన నివేదికను ఆపమని చెప్పి, సొరుగులోంచి ఎర్ర పెన్సిలు తీసుకుని, వార్డుకు వెళ్లింది.

మేడమ్ గారు ఆరోగ్యంగా, కంటిచూపు తగ్గకుండా, నిండు నూరేళ్లు మనవరాలి నోటుపుస్తకాల్లో సున్నాలు చుడుతూ హాయిగా ఉండాలని ఈ విభాగం మనసారా కోరుకుంటోంది. ఆ మనవరాలిని చూసి మాత్రం ఇక్కడ ఒకరు కుళ్లుకుంటూనే ఉంటారు.