పదమూడున్నర గజాల గుడ్డ

మంగళవారం పొద్దున మా చర్చి వరండాలో ముగ్గురమే మిగిలాం, పెళ్ళికూతురికిచ్చే తివైవైకి, అదే, రంగు ముక్కలు అతికి కుట్టే మా దీవుల దుప్పటికి, అంచు కుడుతూ. అంచు గుడ్డ ఎన్ని ముక్కలవుతుందో నేను ఫోన్లో లెక్క చూసుకుంటుంటే ఉపోకొయినా పిన్ని సూది ఆపింది.

"దాన్ని పక్కన పెట్టవే తుటాయీ. పదిహేడేళ్ళప్పుడు కాగితం ముక్క లేకుండా పదమూడున్నర గజాల గుడ్డకి లెక్క కట్టినదాన్ని నేను. అయిటుటాకి దీవిలో పాటల పోటీ. మన రారొటోంగా నుంచి వెళ్ళే ఆడపిల్లలందరికీ ఒకే రకం తెల్లగౌను ఉండాలని పెద్దవాళ్ళ పట్టు. గౌనుకి రెండుంబావు గజాలు. కొట్టాయన ఐదే వస్తాయని కత్తెర తీశాడు. ఆగు బాబూ అన్నాను. పదమూడున్నరంటే ఇరవయ్యేడు అరలు, రెండుంబావంటే తొమ్మిది పావులు. భాగహారం కదా, రెండోదాన్ని తలకిందులు చేసి గుణించాలి. పైన ఇరవయ్యేడూ నాలుగూ, కింద రెండూ తొమ్మిదీ. ఆయన ఇరవయ్యేణ్ణి నాలుగుతో గుణించబోయి చెమటలు కక్కుతున్నాడు. ముందే కొట్టేస్తే ఆ తిప్పలెందుకు? తొమ్మిదితో ఇరవయ్యేడు కొట్టేస్తే మూడు, రెండుతో నాలుగు కొట్టేస్తే రెండు. మూడు రెళ్ళు ఆరు. ఆరు గౌన్లు, దారప్పోగు మిగల్లేదు."

"అది నిజమే," అంది తెపాయెరు పిన్ని తలెత్తకుండా.

"మరి వెళ్ళాల్సింది ఎంతమందో తెలుసా? ఏడుగురు. ఈ తెపాయెరు అప్పుడే తల్లి పోయి, మౌకే దీవి నుంచి మేనత్త ఇంటికొచ్చింది. ఎవరితోనూ మాట్లాడేది కాదు, పాట మాత్రం పాడేది. దీన్ని వదిలేసి ఎలా వెళ్తాం చెప్పు? కొట్టేసిన అంకెలు ఎవరైనా పారేస్తారా? ఆ తొమ్మిదీ, ఆ రెండూ అన్నీ పోగుచేసి, వాటిలోంచి ఏడో గౌను కత్తిరించాను."

"అంకెల్లోంచి గౌనా పిన్నీ?"

"చేతులతో సహా. నువ్వు కుట్టు చూసుకో, వంకర పోతోంది. ఓడెక్కాం. కెప్టెన్ తల పట్టుకుని కూర్చున్నాడు. ఓడ నడిచే నూనె ఐదు పీపాలూ, ఇంకో పీపాలో మూడోవంతూ ఉంది. పీపా రెండుంబావు గంటలొస్తుంది. పదహారు మూడోవంతుల్ని తొమ్మిది పావులతో గుణించు. నాలుగుతో పదహారు కొట్టేస్తే నాలుగు, మూడుతో తొమ్మిది కొట్టేస్తే మూడు, నాలుగు మూళ్ళు పన్నెండు గంటలు. ప్రయాణమేమో పద్నాలుగు. రెండు గంటల సముద్రం ఎక్కువైంది. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? మ్యాపు లాక్కుని మైళ్ళు కొట్టేయడం మొదలెట్టాను. కొట్టిన చోటల్లా నీళ్ళు తగ్గిపోతున్నాయి, తిమింగలాలు పక్కకి జరుగుతున్నాయి. 'చాలు తల్లీ, అయిటుటాకి దాటిపోతాం' అని కెప్టెన్ నా చేతులు పట్టుకున్నాడు."

"చేరారా మరి?"

"ఎంత తొందరగా చేరామంటే, మాకు వండాల్సిన చేపలు ఇంకా ఈదుతున్నాయి. దండలేయాల్సినవాళ్ళు పూలే కోయలేదు. నేను రెండో చరణం ఎత్తుకునేసరికి మార్కులేసే ఆయన కళ్ళు తుడుచుకుంటూ పదికి పదకొండుంబావు వేశాడు. నేనే పోనీలే అని కొట్టేసి పది చేయించాను."

నేను నవ్వుతున్నాను. తెపాయెరు పిన్ని నవ్వలేదు. సూదిని గుడ్డకి గుచ్చి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఏడో గౌను లేదక్కా," అంది మెల్లగా. "ఆరే. నేను వేసుకున్నది నీది."

"నీకు గుర్తులేదులే."

"నడుము నీ కొలత. మేం ఓడెక్కుతుంటే నువ్వు అవాటియు రేవులో గోనెసంచుల మీద కూర్చుని చెయ్యూపావు. మీ అమ్మకి ఒంట్లో బాగోలేదని అందరికీ చెప్పమన్నావు. మీ అమ్మ నీ పక్కనే నిలబడి అరటిపండు తింటోంది."

 నా చిన్నప్పట్నుంచీ ఉపోకొయినా పిన్ని ఆ ఓడ ప్రయాణం చెబుతూనే ఉంది, చెప్పినప్పుడల్లా సముద్రాన్ని ఇంకాస్త తగ్గిస్తూ. ఆవిడ ఆ ఓడే ఎక్కలేదని నాకు ఆ పొద్దున తెలిసింది.

"పొడుగు సరిపోయిందా?" అని అడిగింది చివరికి.

"జానెడు మడిచి కుట్టుకున్నాను."

"బహుమతి?"

"రాలేదు."

ఉపోకొయినా పిన్ని కళ్ళద్దాలు తీసి, కుడుతున్న ఆ కొత్త గుడ్డ చివరతో తుడుచుకుంది. దుప్పటి పాడవుతుందని కూడా చూసుకోలేదు.

"రెండో చరణం నా వంతు కదా. ఎవరు పాడారు?"

"ఎవరూ పాడలేదు," అంది తెపాయెరు పిన్ని. "అక్కడికి రాగానే అందరం ఆగిపోయాం. నువ్వు పాడితే ఎంతసేపు పడుతుందో అంతసేపు నిలబడి, తర్వాత మూడోది అందుకున్నాం. బహుమతి రానిది అందుకేనక్కా."