ఏడో నంబరు కవరులో ఒకటే దుద్దు

నా పేరు, ఇంటి చిరునామా పోలీసు స్టేషను రైటరుగారు ఈ కాగితం పైన రాసుకున్నారు. నా వయసు ఇరవై మూడు. పెళ్లి కాలేదు. మా సహవాసపు ప్రార్థన హాలులో పుస్తకాల గది చూసుకుంటాను. చిరిగిన పాటల పుస్తకాలు కుట్టి అట్టలు వేయడం కూడా నా పనే. మా నాన్న సంఘ పెద్ద. మా అమ్మ ఆడవాళ్ల ద్వారం దగ్గర బల్ల చూస్తుంది.

ఆదివారం సాయంత్రం ఇదే స్టేషనులో, ఇదే కుర్చీలో కూర్చుని, బ్యూటీ పార్లరు నడిపే పార్లరక్క పుస్తకాల గదిలోకి వెళ్లడం చూశానని చెప్పాను. అది నిజమే. ఆమె వెళ్లిపోయాక గదిలో ఎవరున్నారని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆమెను అప్పటినుంచి ఇక్కడే ఉంచారు. ఇవాళ మంగళవారం. పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు నా అంతట నేనే వచ్చాను. ఇంట్లో జిరాక్సు షాపుకి వెళ్తున్నానని చెప్పాను. అది అబద్ధం.

ముందు మా హాలు పద్ధతి చెప్పాలి. మా సంఘంలో ఎవరూ నగలు పెట్టుకోరు. ఆడపిల్లలకు చెవులు కుట్టించరు. దేవుడు చేసిన ఒంటికి చిల్లు పెట్టడమంటే ఆయన పనికి వంక పెట్టడమేనని పాస్టరుగారు చెబుతారు. బయటినుంచి వచ్చిన ఆడవాళ్లు ద్వారం దగ్గర నగలు తీసి అమ్మ చేతికిస్తారు. నేను కవరులో వేసి, దాని మీద నంబరు, వస్తువు రాసి, అదే నంబరున్న చీటీ వాళ్లకిస్తాను. కవర్లన్నీ బిస్కెట్ల డబ్బాలో పెట్టి పుస్తకాల గది బీరువాలో ఉంచుతాను. తాళం నా దగ్గరే ఉంటుంది. ఆరేళ్లలో ఒక్క పిన్నీసు కూడా పోలేదు.

అమ్మ కొత్తవాళ్ల మొహం చూడదు. ముందు చెవులు చూస్తుంది, తర్వాత ముక్కు, ఆ తర్వాత గోళ్లు.

నేను కాన్వెంటులో చదివాను. నా బెంచీలో అమ్మాయిలందరికీ చెవులకు ఏదో ఒకటి ఉండేది. సిస్టర్లకు ఉండేది కాదు. నాకూ లేదు కాబట్టి నేనూ సిస్టర్‌నే అవుతానని అందరూ అనుకునేవారు. యజమానిని విడిచి వెళ్లనన్న దాసుణ్ణి తలుపు దగ్గర నిలబెట్టి చెవి కుట్టేవారని వాక్యంలోనే ఉంది. పదహారో ఏట దాని గురించి నాన్నను అడిగాను.

“అది పాత రోజుల సంగతి,” అన్నారు.

“నగలు వద్దన్నదీ పాత రోజుల సంగతే కదా నాన్నా?”

నాన్న కంచం ముందు నుంచి లేచిపోయారు. నేను మళ్లీ అడగలేదు.

ఆదివారం తొమ్మిదీ ఇరవైకి కళ్ల డాక్టరమ్మ మొదటిసారి మా హాలుకి వచ్చారు. అమ్మ చెవుల వైపు చూసి, “ఏమీ అనుకోకండి డాక్టరమ్మా, దేవుడి ముందు అందరం ఒకటే,” అంది.

“అనుకోడానికేముందమ్మా. దుద్దులే కదా అడిగారు, చెవులు అడగలేదు,” అన్నారావిడ నవ్వుతూ. అమ్మ నవ్వలేదు. నేను కవరు మీద ‘ఏడు, రవ్వల దుద్దులు, జత’ అని రాశాను. జత అని రాసింది నేనే.

పదిన్నరకు పెద్ద ప్రార్థన మొదలైంది. అది ఇరవై అయిదు నిమిషాలు ఉంటుంది. అందరూ కళ్లు మూసుకుంటారు. పది ముప్పై అయిదుకు పార్లరక్క దగ్గుతూ లేచి వచ్చింది. ఆమె పార్లరు బస్టాండు పక్కన ఉంది. అంతకుముందు రెండు ఆదివారాలు వచ్చింది. బాప్తిస్మం కావాలని అడిగింది. పార్లరులో చెవులు కుట్టే పని మానేస్తేనే ఇస్తామని అమ్మ చెప్పింది. “కనుబొమలు తీయొచ్చా అమ్మగారూ, అవి దేవుడు పెట్టినవే కదా?” అని ఆమె అడిగింది. అది వేళాకోళమో, నిజంగా తెలియక అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ మాత్రం వేళాకోళమే అనుకుంది.

ఆమెను పుస్తకాల గదిలోకి తీసుకెళ్లి మంచినీళ్లిచ్చాను. ఆమె తాగి, నా చున్నీ కాస్త పక్కకు జరిపి చూసింది.

“ఒక్క కుట్టు కూడా లేదా చెల్లీ?”

“లేదక్కా.”

“మంచి తమ్మెలు. ఊరికే వేలాడుతున్నాయి పాపం.”

గ్లాసు కడిగి పెట్టి వెళ్లిపోయింది. గదిలో ఉన్నది మూడు నాలుగు నిమిషాలు. బీరువా వైపు కూడా చూడలేదు. ఆమె బయటికి రావడం గంట కొట్టే తాతయ్య చూశారు. ప్రార్థనలో ఆయన కళ్లు ఎందుకు తెరిచి ఉన్నాయో ఎవరూ అడగలేదు.

తర్వాత నేను బీరువా తెరిచాను. డబ్బా తీశాను. ఏడో కవరు తీశాను. మా హాలులో అద్దం ఉండదు. బీరువా తలుపు గాజులో చూసుకుంటూ దుద్దు చెవికి ఆనించాను. ఒకసారి చూసి పెట్టేద్దామనుకున్నాను. వేలు తీస్తే పడిపోతోంది. మూడుసార్లు పడిపోయింది. పుస్తకాలు కుట్టే సూది బల్ల మీదే ఉంది. చెవి వెనక రబ్బరు పెట్టి గుచ్చాను. అది ఎందుకు చేశానో చెప్పమన్నారు. చెప్పలేను సార్. నొప్పి నేననుకున్నంత లేదు. దుద్దు కాడ దూర్చడానికే చాలాసేపు పట్టింది. వెనక మర బిగించాను. గాజులో చూసుకున్నాను. బాగుంది.

అంతలో ప్రార్థన అయిపోయి పాట మొదలైంది. పాట కాగితాలు పంచాల్సింది నేనే. మర తిప్పబోతే రక్తానికి వేళ్లు జారాయి. ఒక దుద్దు ఉన్న కవరును డబ్బాలో పెట్టేసి, చున్నీ లాక్కుని బయటికి వచ్చాను. కూటం అయ్యాక తీసి పెట్టేద్దామనుకున్నాను. దొంగతనం చేయాలని మాత్రం అనుకోలేదు. అది నమ్మడం మీ ఇష్టం.

పన్నెండుంబావుకు డాక్టరమ్మ చీటీ ఇచ్చారు. కవరులో ఒకటే ఉంది. నేను బల్లకు అడుగు దూరంలో నిలబడి ఉన్నాను. అప్పుడే చెప్పి ఉండొచ్చు.

“ఆ గదిలోకి ఎవరెళ్లారు?” అంది అమ్మ.

“పార్లరమ్మాయి,” అన్నారు తాతయ్య. బీరువా తాళం ఎవరి దగ్గరుందని మాత్రం ఎవరూ అడగలేదు.

అందరూ ఆమె గోళ్ల వైపు చూశారు. వాటికి రంగు ఉంది. హ్యాండ్‌బ్యాగు తెరిపించారు. అందులో చెవులు కుట్టే సూదులు, స్పిరిట్ సీసా, చిన్న డబ్బాలో గిల్టు దుద్దులు ఉన్నాయి.

“సూదులుంటే దొంగనా? అయితే ముందు టైలర్లందర్నీ పట్టుకోండి,” అందామె. తర్వాత నా వైపు తిరిగి, “నువ్వు చెప్పు చెల్లీ, నీ ఎదురుగానే కదా నీళ్లు తాగి వెళ్లాను,” అంది.

“గదిలోకి వచ్చింది,” అన్నాను. వెళ్లిపోయిందని అనలేదు.

ఒంటి గంటకు మీవాళ్లు వచ్చి ఆమెను తీసుకెళ్లారు.

రెండింటికి ఇంటికి వెళ్లాను. మర తిప్పి చూస్తే చెవి వాచి కదల్లేదు. రక్తం అంటిన చున్నీ తీసి మంచం కింద పెట్టి, తలకు తువ్వాలు చుట్టుకుని పడుకున్నాను. నాలుగింటికి లేచేసరికి ఆ చున్నీ పెరట్లో తీగ మీద తడిగా ఉంది. మా ఇంట్లో ఆదివారం బట్టలు ఉతకరు. ఒకసారి అన్నయ్య దుప్పటి మీద వాంతి చేసుకుంటే ఆ దుప్పటిని సోమవారం దాకా మూటకట్టి ఉంచింది అమ్మ. ఆ రోజు నా చున్నీ ఒక్కటే తీగ మీద ఉంది. దాని స్థానంలో ముదురు రంగు చున్నీ నా మంచం మీద మడతపెట్టి ఉంది.

రాత్రి భోజనాల దగ్గర అమ్మ, “ఎలాగూ చెవులు కుట్టే పని చేసుకునే మనిషే,” అంది.

“ఎవరమ్మా?”

“తిను ముందు.”

అమ్మకు తెలుసా అని మీరు రెండుసార్లు అడిగారు. నేను చెప్పలేదు. ఆమె అడగలేదు. నేను చూసింది చున్నీ తడిగా ఉండటం. అంతకు మించి రాయవద్దని కోరుతున్నాను.

ఇవాళ ఇదంతా చెప్పినా ఇన్‌స్పెక్టర్‌గారు నమ్మలేదు.

“ఎవరు పంపారు నిన్ను? పార్లరువాళ్లా?”

“ఎవరూ పంపలేదు సార్.”

“ఫ్రెండును బయటపడేద్దామని వచ్చావా?”

“ఆవిడ నా ఫ్రెండు కాదు సార్. ఫ్రెండైతే ఆదివారమే చెప్పేదాన్నేమో.”

“అయితే దుద్దేది?”

చున్నీ తీశాను. ఇన్‌స్పెక్టర్‌గారు దగ్గరికి వచ్చి చూసి, “ఇవాళ పొద్దున కుట్టించుకుని రాలేదని ఏమిటి నమ్మకం?” అన్నారు. లేడీ కానిస్టేబుల్, “ఇది ఇవాళ్టిది కాదు సార్, చీము కూడా పట్టింది,” అన్నారు. డాక్టరమ్మ ఇచ్చిన రెండో దుద్దు సొరుగులోంచి తీసి పక్కన పెట్టి చూశారు. రెండూ ఒకటే.

కానిస్టేబుల్ మర తిప్పబోతే నేను అరిచాను. వాపులో మర కూరుకుపోయింది. ఎవరికీ చేతకాకపోతే పార్లరక్కను లోపలినుంచి తీసుకొచ్చారు. ఆమె నా వైపు చూసింది, చెవి వైపు చూసింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. గోరువెచ్చని నీళ్లు, ఉప్పు తెమ్మంది. దూదితో చాలాసేపు తడిపింది.

“దేంతో కుట్టుకున్నావు?”

“పుస్తకాలు కుట్టే సూదితో.”

“అదే అనుకున్నా. అట్టకి కుట్టినట్టు కుట్టావు. వంకర.”

దుద్దు పన్నెండూ నలభైకి బయటికి వచ్చింది. రైటరుగారి ఎదుట కాగితంలో చుట్టి సీలు వేశారు.

“రెండు రోజులు పట్టిందా నీకు?” అందామె.

“అవునక్కా.”

“నాకు రెండు రాత్రులు.”

నేను క్షమించమని అడిగాను. ఆమె దూది కొత్తది తీసుకుంది. “దారం వేయనా, పూడిపోనివ్వనా?” అని మాత్రం అడిగింది, పార్లరులో ఎవర్నైనా అడిగినట్టే.

అప్పటికి స్టేషను నుంచి కబురు వెళ్లి అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. నన్నే చూస్తోంది.

“వేయక్కా,” అన్నాను.

పైన ఉన్నదంతా నేను నా నోటితో, ఎవరి భయమూ లేకుండా చెప్పింది. రైటరుగారు చదివి వినిపించారు. ‘ఎడమ చెవికి గాయం’ అని ఆయన రాసిన చోట ‘ఎడమ చెవి కుట్టుకున్నాను’ అని మార్పించాను. మిగతాది నేను చెప్పినట్టే ఉంది.

(సంతకం)
మంగళవారం, మధ్యాహ్నం ఒంటి గంట అయిదు నిమిషాలు