మధ్యలో నిలబడిన గొంతు

నా ఈ వీడ్కోలు సభలో అధ్యక్ష స్థానంలో ఉన్న మా యజమానిగారికి, ముందు వరుసలోని పెద్దలకు, ముప్పై నాలుగేళ్లుగా నాతో నిచ్చెనలు మోసిన స్నేహితులకు నమస్కారం. నలుగురిలో నాకు మాట పెగలదని మీకు తెలుసు, అందుకే కాగితం మీద రాసుకొచ్చాను. చదవడం అయ్యాక దీన్ని యజమానిగారి చేతికే ఇస్తాను. పల్లెటూరి బడిలో ఐదో తరగతితో ఆగిన చదువు, కోడి కెలికినట్టుండే రాత. తప్పులుంటే మన్నించాలి.

ఇందాక అందరూ నా చేతి పనిని పొగిడారు. అదేమీ బ్రహ్మవిద్య కాదు. స్పీకర్లను మూలల్లో ఇరికించకూడదు, ఇరికిస్తే కుండలో తల పెట్టి పాడినట్టుంటుంది. రెండింటి మధ్య ఎంత దూరమో, వినే మనిషి కుర్చీకి ఒక్కోదాని నుంచీ దాదాపు అంతే దూరం ఉండాలి. ఆ కొలత కోసం నా జేబులో ఎప్పుడూ ముడులేసిన దారం ఉండేది. చొక్కాలు ఉతికినప్పుడల్లా ఆ దారం చిక్కులు తీసి, నన్ను తిట్టి ఆరేసిన మనిషి అదిగో, మూడో వరుసలో తల దించుకుని నవ్వుతోంది. (నవ్వులు)

మూడేళ్ల కిందట, ఇక్కడే కూర్చున్న సంగీతం టీచరమ్మగారి ఇంట్లో కొత్త స్పీకర్లు బిగించాను. మన షాపు కౌంటర్లో ఉండే మా మేనకోడలు ఆ రోజు టార్చి పట్టుకోవడానికి వచ్చింది. అమ్మగారు, కాలం చేసిన తన భర్త పాడిన క్యాసెట్ పెట్టించుకుని కళ్లు మూసుకున్నారు. కాసేపటికి, ఈయన గొంతు ఎదురుగా లేదయ్యా, గదంతా చెల్లాచెదురైపోయింది అన్నారు. నేను స్పీకర్లు జరిపాను, సోఫా జరిపాను, ఆఖరికి తప్పు గోడలదన్నాను. మా పిల్ల స్పీకర్ల వెనక్కి వంగి చూసి మెల్లగా అంది:

"మామయ్యా, ఒకదానికి ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారయ్యాయి."

నువ్వు టార్చి పట్టుకో చాలని కసిరాను. కసిరి చూస్తే, నిజమే. అలా తారుమారైతే రెండు స్పీకర్లూ ఒకదానికొకటి ఎదురు పనిచేసి, గొంతు మధ్యలో నిలవదు. తీగలు మార్చి మళ్లీ పెట్టాం. అమ్మగారు మళ్లీ కళ్లు మూసుకున్నారు. తర్వాత, "ఈయన వచ్చి కూర్చున్నారు," అన్నారు.

మర్నాడు ఆవిడ ఫోన్ చేసి మెచ్చుకుంటే, యజమానిగారూ, మీరు అందరి ముందూ నా భుజం తట్టారు. తప్పు నాదని, పట్టుకున్నది ఆ పిల్లని నేను చెప్పలేదు. తక్కువ మాటల మనిషినంటారు కదా, ఆ రోజు అది నాకు కలిసొచ్చింది. మొన్న నా చోట్లో ఆ పిల్లను పెట్టుకోమని అడిగితే, కౌంటర్ పిల్లకి తీగల సంగతేం తెలుసన్నారు. మీ తప్పు కాదు. తెలియనివ్వనిది నేను.

ఆ తర్వాత ఆ పిల్ల ఆదివారాలు నాతో తిరిగి పని నేర్చుకుంది. ఈ హాల్లో స్పీకర్లు పొద్దున ఆ పిల్లే పెట్టింది. నేను చివరి కుర్చీలో కూర్చుని విన్నాను, వేలు కూడా పెట్టలేదు. ఏమయ్యా డ్రైవరూ, తలుపు దగ్గరికి నా గొణుగుడు వినిపిస్తోందా?

(వెనక నుంచి: "ప్రతి ముక్కా, పెద్దాయనా.")

నేను స్పీకర్లు బిగించిన ఇళ్లు లెక్కలేనన్ని. నాకు గర్వంగా ఉన్నది ఈ హాలు చూసి.

దారం ఆ పిల్లకిస్తున్నాను. పని ఇవ్వాల్సింది మీరు. ఇంతసేపు ఓపిగ్గా విన్న అందరికీ కృతజ్ఞతలు. యజమానిగారూ, ఈ కాగితానికి జవాబు ఆలస్యం చేయకండి. సోమవారం పొద్దున్నే ఒకరింట్లో స్పీకర్లు బిగించాలి.

సెలవు.